పోస్టు కంటే ముందు పలకరింపు

ఉద్యోగం మానేసి సొంతంగా పని మొదలుపెట్టిన వారంలోనే, ఒకే సాయంత్రం కూర్చుని ఐదు అకౌంట్లు తెరిచాను. లింక్డ్‌ఇన్, ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, అప్పటికింకా ట్విట్టర్ అనే పిలుస్తున్న ఎక్స్. నా పని యంత్రాలకు మాన్యువల్స్ రాయడం. మిషన్ కొంటే దాంతోపాటు పెట్టెలో ఒక పుస్తకం వస్తుంది చూడండి, పాడయ్యేదాకా ఎవరూ తెరవనిది, అదే. ఇలాంటి పనికి ఇన్‌స్టాగ్రామ్ దేనికని ఆ రోజు నాకు అనుమానం కూడా రాలేదు. లోగో చేయించాను. బ్యానర్ ఏ రంగులో ఉండాలో రెండు రోజులు ఆలోచించాను. తర్వాత మూడు నెలలు వారానికి నాలుగు పోస్టుల చొప్పున పెట్టుకుంటూ పోయాను. "మంచి మాన్యువల్‌కి ఏడు లక్షణాలు" తరహావి. వచ్చిన లైకుల్లో సగం చుట్టాలవి. మిగతా సగం నాలాగే మాన్యువల్స్ రాసి పొట్టపోసుకునేవాళ్ళవి. పని ఇవ్వగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

నాలుగో నెలలో మొదటి పని దొరికింది. పోస్టుల వల్ల కాదు. పాత కంపెనీలో వేరే డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఉండేవారు. లిఫ్ట్‌లో ఎదురైతే తలూపుకోవడం, అంతే మా పరిచయం. ఆయన ఉద్యోగం మారినట్టు లింక్డ్‌ఇన్‌లో కనబడితే, "కొత్త చోట ఎలా ఉందండీ? మీరు మారారని ఇప్పుడే చూశాను" అని రెండు ముక్కలు రాశాను. రెండు రోజులకు జవాబొచ్చింది. బాగానే ఉందన్నారు. మరి మీరేం చేస్తున్నారని అడిగారు. చెప్పాను. "అయ్యో, మా కొత్త మిషన్‌కి మాన్యువల్ రాసేవాళ్ళు దొరక్క తల పట్టుకుని కూర్చున్నాం" అన్నారు.

మూడు నెలల్లో నలభై ఎనిమిది పోస్టులు చేయలేని పని రెండు వాక్యాలు చేశాయి. అప్పటి నుంచి, వ్యాపారానికో వృత్తికో సోషల్ మీడియా ఎలా మొదలుపెట్టాలని ఎవరడిగినా నేనొకటే చెబుతున్నాను. ముందు పోస్టులు పెట్టకండి. ముందు మనుషుల్ని పలకరించండి.

ఒక్క అనుభవం పట్టుకుని సిద్ధాంతం చెబుతున్నావేంటి అనొచ్చు. నిజానికి సోషల్ మీడియా అనే మాటే లేని రోజుల్లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త దీన్ని లెక్క కట్టి చూపించాడు. బోస్టన్ శివార్లలో కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళను కలిసి, ఈ ఉద్యోగం సంగతి మీకెవరు చెప్పారు, ఆ మనిషిని మీరెంత తరచుగా కలుస్తారు అని అడిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికిన 54 మందిలో, ఆ చెప్పిన మనిషిని తరచుగా కలిసేవాళ్ళు 16.7 శాతమే. అప్పుడప్పుడు కలిసేవాళ్ళు 55.6 శాతం. మిగిలిన 27.8 శాతం మంది ఆ మనిషిని ఏడాదికి ఒకసారో, అదీ లేకుండానో చూసేవాళ్ళు. మీ స్నేహితుడు చెప్పాడా అని అడిగితే, చాలామంది "స్నేహితుడు కాదు, పరిచయస్తుడు" అని సరిదిద్దేవారట. ఆ వ్యాసం 1973లో అచ్చయింది. అంతకు ముందు 1969లో మరో పెద్ద పత్రిక దాన్ని తిప్పి పంపేసింది. పోస్టుకి లైకులు రాలేదని దిగులుపడేవాళ్ళు ఇది గుర్తుంచుకోవచ్చు.

ఇలాంటి పరిచయాలను ఆయన బలహీన బంధాలు అన్నాడు. మనకు దానికంటే మంచి మాట ఎప్పటి నుంచో ఉంది: ముఖపరిచయం. దగ్గరి స్నేహితులు మనం తిరిగేచోటే తిరుగుతారు, మనం విన్నవే వింటారు. మనకు తెలియని అవకాశం చాలాసార్లు వాళ్ళకూ తెలియదు. వాళ్ళ దగ్గర ప్రేమ ఎక్కువ, కొత్త కబురు తక్కువ. ముఖపరిచయం ఉన్న మనిషి మాత్రం ఇంకో గుంపులో ఉంటాడు. అక్కడ ఏం జరుగుతోందో మనకు తెలిసే దారి ఆయనొక్కడే. చిక్కేమిటంటే ఈ పరిచయాలు నిలవవు. ఉద్యోగం మారగానే, ఇల్లు మారగానే, ఫోన్ పోగానే జారిపోతాయి. లింక్డ్‌ఇన్ లాంటివాటికి ఏదైనా అసలు ప్రయోజనం ఉంటే, నా దృష్టిలో అది ఇదే. జారిపోవలసిన పరిచయాల్ని అవి పట్టి ఉంచుతాయి. ఒక మనిషి ఇప్పుడెక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో అతన్ని అడగకుండానే తెలుస్తుంది.

గ్రానొవెటర్ మాట్లాడింది కొద్దిమందితోనే కదా అనేవాళ్ళకు 2022లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. లింక్డ్‌ఇన్‌లో "వీళ్ళు మీకు తెలిసి ఉండొచ్చు" అని చూపించే సలహాల్ని రకరకాలుగా మార్చి, 2 కోట్ల మందికి పైగా సభ్యుల మీద ఐదేళ్ళ పాటు ఏం జరిగిందో చూశారు. తేలింది కొంచెం తమాషాగా ఉంటుంది. దగ్గరివాళ్ళ కంటే ముఖపరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయి, కానీ మరీ పలచని పరిచయాలు కాదు. ఉమ్మడిగా తెలిసినవాళ్ళు కొందరుండి, మరీ ఎక్కువమంది లేని మధ్యస్థ పరిచయాలు అన్నింటికంటే మెరుగు. ఇలా ప్రయోగం జరుగుతోందని ఆ 2 కోట్ల మందికీ విడిగా ఎవరూ చెప్పలేదు. యూజర్ అగ్రిమెంట్‌కి లోబడే చేశామని కంపెనీ అంది. ఆ అగ్రిమెంట్ కూడా నేను రాసే మాన్యువల్స్ లాంటిదే, ఎవరూ చదవరు.

అయితే పలకరించడానికి మనకు అడ్డం వచ్చేది టెక్నాలజీ కాదు, మొహమాటం. "ఇన్నేళ్ళుగా గుర్తురానివాణ్ణి ఇప్పుడెందుకు గుర్తొచ్చాను అనుకుంటారేమో." "అవసరం పడితేనే పలకరిస్తాడని అనుకుంటారేమో." ఈ భయం నాకూ ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దానికి నాకు దొరికిన మందు ఒక్కటే, అవసరం పడకముందే పలకరించడం. పని చేతినిండా ఉన్న నెలలో రాసిన మెసేజ్‌కీ, ఖాతా ఖాళీ అయిన నెలలో రాసిన మెసేజ్‌కీ ఉన్న తేడా అవతలివాళ్ళకు మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ఒకవేళ అవసరం ఉండే రాస్తుంటే దాచకండి. నాలుగు వాక్యాలు కుశల ప్రశ్నలేసి ఐదో వాక్యంలో అసలు విషయం బయటపెట్టడం కంటే, "ఒక సాయం అడుగుదామని రాస్తున్నాను" అని మొదట్లోనే చెప్పేస్తే ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

నేను చేసిన పని చెబుతాను. కంప్యూటర్ పక్కన పెట్టి ఒక కాగితం తీసుకున్నాను. గత పదేళ్ళలో కలిసి పనిచేసినవాళ్ళు, శిక్షణ తరగతిలో పక్కన కూర్చున్నవాళ్ళు, ఒకసారి నాకు సాయం చేసి మళ్ళీ కనబడనివాళ్ళు, ఇలా గుర్తొచ్చిన పేర్లన్నీ రాశాను. నలభై తేలాయి. ఒక్కొక్కరి గురించీ గుర్తున్న ఒక్క నిజమైన విషయం పేరు పక్కన రాసుకున్నాను. ఆ విషయంతోనే మెసేజ్ మొదలవ్వాలి. "మీరు ఆ రోజు డ్రాయింగ్ చదవడం నేర్పించకపోతే నేను ఈ పనిలోకి వచ్చేవాణ్ణే కాదు" అని ఒకరికి రాస్తే, ఆయన ఆ సంగతే మర్చిపోయారు. అయినా పొంగిపోయారు. ఇరవై తొమ్మిది మందికి రాశాను. ఆరుగురు జవాబివ్వలేదు. ఒకావిడ "క్షమించండి, మీరెవరో గుర్తురావట్లేదు" అని నిజాయితీగా రాశారు. తప్పు నాదే, మేం కలిసింది ఎక్కడో నేను చెప్పలేదు.

మెసేజ్ అంటే మెసేజ్. దానికి బ్రోచర్ తగిలించకండి. "మా సేవల వివరాలు జతచేశాను" అని ఉన్న పలకరింపును పలకరింపు అనరు. ఒకే మెసేజ్‌ని పేరు మార్చి నలభై మందికి పంపకండి. ఏదో ఒకరోజు పేరు మార్చడం మర్చిపోతారు. ఇంకో మాట. అకౌంట్ తెరవగానే "మీ ఫోన్‌లో ఉన్న కాంటాక్ట్స్ ఇవ్వండి, మీ మిత్రుల్ని వెతికిపెడతాం" అని చాలా యాప్‌లు అడుగుతాయి. ఇవ్వకపోయినా ఏ నష్టమూ లేదు. ఈమెయిల్ కాంటాక్ట్స్‌లోంచి ఇలా సేకరించిన చిరునామాలకు సభ్యుల పేరుతో ఆహ్వానాలు, వాటి మీద మళ్ళీ గుర్తుచేసే మెయిళ్ళు పంపినందుకు లింక్డ్‌ఇన్ మీద అమెరికాలో కేసు నడిచింది. 2015లో 1.3 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మన తరఫున యంత్రం పలకరిస్తే అవతలి మనిషికి ఎలా ఉంటుందో ఆ కేసే చెబుతుంది.

పలకరించిన మనిషి చేసే మొదటి పని మన పేరు మీద నొక్కడం. కాబట్టి ప్రొఫైల్ అంతకు ముందే సిద్ధంగా ఉండాలి. ఇక్కడ రెండో మొహమాటం ఎదురవుతుంది. సొంత డబ్బా కొట్టుకోవడం మనకు నచ్చదు. మా గొప్ప మేమే ఎలా చెప్పుకుంటాం అని కొందరు అసలేమీ రాయరు. ఇంకొందరు ఆ సిగ్గును దాటడానికి ఇంగ్లిష్ పెద్దమాటల వెనక దాక్కుంటారు. "ఫలితాలే ధ్యేయంగా పనిచేసే, వినూత్న ఆలోచనలు గల నిపుణుడు" అన్నది చదివితే ఆ మనిషి తాపీమేస్త్రీయో, గుండె డాక్టరో తెలియదు. నేను మొదట రాసుకున్నది కూడా ఈ బాపతే.

చివరికి ఈ చిక్కును నా వృత్తే విప్పింది. మాన్యువల్ మొదటి పేజీలో మేం మిషన్‌ని పొగడం. ఇది ఏమిటి, ఎవరికోసం, దేనికి వాడాలి, దేనికి వాడకూడదు. అంతే. చదివేవాడికి కావలసింది మిషన్ గొప్పతనం కాదు, తన పని అవుతుందా లేదా అన్నది. ప్రొఫైల్‌ని కూడా అలాగే రాశాను: "ఫ్యాక్టరీ యంత్రాలకు వాడకం, మరమ్మతు మాన్యువల్స్ రాస్తాను. ఇంజినీర్లు చెప్పింది ఆపరేటర్లకు అర్థమయ్యేలా." ఇందులో డబ్బా ఏమీ లేదు, సమాచారం ఉంది. నేనేం చేస్తానో చెప్పడం వేరు, నా అంతవాడు లేడనడం వేరు. ఈ రెంటినీ కలిపేసుకుని నోరు మూసుకున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు. పనిలో నాకంటే ఎంతో నయమైనవాళ్ళు.

లింక్డ్‌ఇన్ పేరు కింది వరుసకు 220 అక్షరాలిస్తుంది, ఇన్‌స్టాగ్రామ్ బయోకి 150. అంతా నింపాలని లేదు. కామెంట్ల దగ్గర, వెతికితే వచ్చే జాబితాలో, ఆ వరుసలో మొదటి కొన్ని మాటలే కనబడతాయి. అసలు పని ఆ మాటల్లో ఉండాలి. దేనికి వాడకూడదన్నది కూడా రాయండి. "ప్రకటనలు రాయను" అని చేర్చాక నాకు పనికిరాని ఎంక్వైరీలు తగ్గాయి. ఫోటో సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మొహం కనబడాలి, పెళ్ళిలో దిగిన గ్రూప్ ఫోటోలోంచి కత్తిరించింది కాకూడదు.

ఇక ఏ వేదిక? అన్నిటిలోనూ ఉండాలన్న సలహా ఇచ్చేది చాలావరకు అన్నిటినీ నడపడానికి మనుషుల్ని పెట్టుకోగలిగినవాళ్ళు. ఒంటరిగా పనిచేసేవాళ్ళకు ఒక్కటి చాలు. అది ఏదన్నది పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. కంటికి కనబడే పని అయితే, బట్టలు కుట్టడం, ఫోటోలు తీయడం, గదులు అలంకరించడం లాంటిదైతే, ఇన్‌స్టాగ్రామ్ నిజంగానే మీ కోసం ఉంది. బొమ్మే మాట్లాడుతుంది. కంటికి కనబడని పని, అంటే లెక్కలు, అనువాదం, సలహా, నాలాంటి రాతపని అయితే మాటలు నడిచేచోటు కావాలి. మూడో రకం గురించి ఎవరూ చెప్పరు. కుళాయి కారుతున్నప్పుడు తప్ప ప్లంబర్ ఎవరికీ గుర్తురాడు. ప్లంబర్ పేజీని ఫాలో అయ్యి రోజూ పోస్టులు చదివేవాళ్ళు ఉండరు. ఇలా అవసరం తన్నుకొచ్చినప్పుడే వెతికే పనులకు, వెతికినప్పుడు దొరకడం ముఖ్యం. గూగుల్ మ్యాప్స్‌లో కనబడే బిజినెస్ ప్రొఫైల్‌లో సరైన ఫోన్ నంబరు, సరైన వేళలు, నాలుగు నిజమైన రివ్యూలు ఉంటే అది ఏడాది పోస్టుల కంటే ఎక్కువ. అది ఉచితం కూడా.

ఈ వాదన నా స్నేహితురాలికి ఒకావిడకు అస్సలు నచ్చదు. ఆవిడ లెక్కలు చూసే పని చేస్తుంది, వారానికి రెండు పోస్టులు తప్పకుండా పెడుతుంది, వాటి ద్వారా క్లయింట్లు వచ్చారు కూడా. "పోస్టులే లేకపోతే నువ్వున్నావని ఎవరికి తెలుస్తుంది? పలకరించడానికి నలభై పేర్లు నీకున్నాయి. ఇప్పుడే చదువు పూర్తిచేసిన పిల్లలకు నాలుగు కూడా ఉండవు" అంటుంది. రెండో మాట సబబే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లలకు పాఠం చెప్పినవాళ్ళుంటారు, ముందు బ్యాచ్‌వాళ్ళుంటారు. ఆ జాబితా చిన్నదే కానీ సున్నా కాదు. మొదటి మాటకు మాత్రం నా సమాధానం కామెంట్లు.

జాకబ్ నీల్సన్ అనే వెబ్ నిపుణుడు 2006లో ఒక లెక్క చెప్పాడు. ఆన్‌లైన్ సమూహాల్లో దాదాపు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం మంది అప్పుడప్పుడు ఏదో అంటారు, దాదాపు అంతా రాసేది మిగిలిన 1 శాతమే. కొత్తగా వచ్చినవాళ్ళు నేరుగా ఆ ఒక్క శాతంలోకి దూకుతారు. చదివేవాళ్ళు లేని గోడ మీద రాసుకుంటారు. దానికంటే, మన రంగంలో ఇప్పటికే నలుగురు చదివే మనిషి పోస్టు కింద పనికొచ్చే మాట ఒకటి రాస్తే ఆ నలుగురూ చూస్తారు. "చాలా బాగా చెప్పారు" అన్నది పనికొచ్చే మాట కాదు. ఈమధ్య యంత్రంతో రాయించినట్టుండే, పోస్టునే తిప్పి చెప్పే కామెంట్లు ఇంకా ఘోరం. మనకు తెలిసిన ఒక చిన్న వివరమో, ఒక విరుద్ధమైన అనుభవమో, ఒక నిజమైన ప్రశ్నో చాలు. నా రెండో క్లయింట్ ఒక కామెంట్ కింద ఎదురు ప్రశ్న వేసి పరిచయమైనవారే.

పోస్టులు అసలొద్దని కాదు. ఆ చదివి ఊరుకునే 90 శాతంలోనే పని ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఏడాది పాటు చప్పుడు లేకుండా చదివి, ఒకరోజు ఫోన్ చేస్తారు. కాకపోతే ఏం రాయాలన్నది పలకరింపుల్లోంచే తెలుస్తుంది. ముగ్గురు వేర్వేరు మనుషులు "అనువాదం చేయించాక మాన్యువల్ ఎందుకు చెడిపోతుంది?" అని అడిగాక నేను దాని మీద రాశాను. నా ఏడు లక్షణాల జాబితాలన్నీ కలిపి చదివినవాళ్ళ కంటే దాన్ని చదివినవాళ్ళు ఎక్కువ. అడగని ప్రశ్నకు జవాబు ఎవరూ చదవరు.

పోస్టు పెట్టేముందు ఒక జాగ్రత్త. ఒకసారి నా టేబుల్ ఫోటో తీసి "ఈవారం పని" అని పెట్టబోయాను. వెనక కంప్యూటర్ తెర మీద ఇంకా మార్కెట్లోకి రాని మిషన్ డ్రాయింగ్ స్పష్టంగా కనబడుతోంది. నొక్కేముందు చూశాను కాబట్టి బతికిపోయాను. క్లయింట్ పేరైనా, బొమ్మైనా అడగకుండా వాడకూడదు.

ఇంకొకటి, ఇదంతా అద్దె ఇల్లు. ఓగిల్వీ అనే ప్రకటనల సంస్థ పరిశీలించిన ఫేస్‌బుక్ పేజీల్లో, 2013 అక్టోబరులో ఒక పోస్టు డబ్బు పెట్టకుండా సగటున 12 శాతం మంది ఫాలోయర్లకు చేరేది. నాలుగు నెలల్లో, 2014 ఫిబ్రవరికల్లా అది 6 శాతానికి దిగింది. 2018 జనవరిలో ఫేస్‌బుక్ బాహాటంగానే చెప్పింది, ఇకపై వ్యాపారాల పోస్టుల కంటే స్నేహితులు, కుటుంబం పోస్టులకే ప్రాధాన్యమని. అంతవరకు ఫాలోయర్లను పోగేయడానికి డబ్బు ఖర్చుపెట్టినవాళ్ళు లబోదిబోమన్నారు. అదీ వేదిక బతికుంటే. ఆర్కుట్ 2014లో, చిన్న వీడియోల వేదిక వైన్ 2017లో, మామూలు వినియోగదారుల గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. అందుకే మాట కలిశాక, అవతలివాళ్ళు సరే అంటే, ఈమెయిల్‌కో ఫోన్‌కో మారిపోతాను. ఆ చిరునామాలు నా సొంత పుస్తకంలో ఉంటాయి. ఫాలోయర్ల సంఖ్య నాది కాదు, ఆ పుస్తకం నాది.

పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రెండంచెల లాగిన్ పెట్టుకోండి. ఉద్యోగం ఇస్తామని ముందుగా డబ్బడిగే పరిచయాల్ని వెంటనే తెంచుకోండి. వీటి గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు.

ఇప్పుడు నా ఖర్చు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున. ఒక అరగంట పలకరింపులకీ జవాబులకీ, ఇంకో అరగంట చదవడానికీ కామెంట్లకీ. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అకౌంట్లు తీసేశాను. లోగో మాత్రం ఉంది, డబ్బులిచ్చి చేయించాను కదా అని ఉత్తరాల మీద వాడుతున్నాను.

ఆ కాగితం మీద పదకొండు పేర్లు ఇంకా మిగిలాయి. పది మందికి రాయకపోవడం బద్ధకం. పదకొండో ఆయనతో చివరిసారి మాట్లాడినప్పుడు ఇద్దరం గొంతు పెంచుకున్నాం, తప్పు నాదే ఎక్కువ. ఆయన పేరు పక్కన గుర్తున్న నిజమైన విషయం చాలా పెద్దదే రాసుకున్నాను. మెసేజ్ రెండుసార్లు టైప్ చేసి చెరిపేశాను. ఈ గురువారం మళ్ళీ కూర్చోవాలి.